బండి లెక్కలు: సుబ్బుకి ఉత్తరం

వేదాయపాళెం, నెల్లూరు
ఆదివారం మధ్యాహ్నం

ఒరే సుబ్బూ,

మొన్న ఫోన్లో నువ్వడిగింది ఒక్క ముక్క. "ఒంగోలు నించి టంగుటూరు ఆఫీసుకి పోను స్కూటర్ కొంటే డబ్బులు మిగులుతాయా రా?" అని. నేను "ఆ, మిగలక యాడికి పోతాయిలే" అనేసి పెట్టేశా. రాత్రి పడుకుంటే నిద్ర పట్టలా. ఏడాది పైనే అయింది నేను ఈ లెక్క రాయబట్టి. ఆ పుస్తకం తెరిచి చూస్తే నీకు చెప్పిన జవాబులో సగం అబద్ధమే. మళ్ళీ ఫోన్ చేద్దామనుకున్నా గానీ, నువ్వు మధ్యలో ఇంకో సంగతి ఎత్తి నన్ను యాడికో లాక్కుపోతావు. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నా. మా ఇంటామె చేపల పులుసు దించే లోపల అయిపోవాలి.

పుస్తకం అంటే పెద్దదేం కాదు. బండి డిక్కీలో పడుంటదే, చీటీ పాటలోళ్ళు రాసుకునేట్టు పొడుగ్గా, అట్టాంటిది. అట్ట అంతా ఆయిలు మరకలే. తెరిస్తే పెట్రోలు వాసన. మొదటి రెండు నెలలు పేజీ నిండా "పె. 100", "పె. 100", "పె. 200" అనే ఉంటాయి. తర్వాత తెలిసింది, వందా వందా పోయించుకుంటే మైలేజీ ఎంతొస్తందో ఏడుకొండలవాడికి కూడా తెలీదు. టాంకు నిండా పోయించి, మీటరు రాసుకుని, మళ్ళీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూస్తేనే లెక్క తేలేది. నాకు తేలింది లీటరుకి 45. షోరూంలో 60 అన్నారు. సరేలే, పెళ్ళి చూపుల్లో చెప్పే జీతం లాంటిదే అది కూడా.

ఇంక విను. మా ఇంటి గుమ్మం నించి బుచ్చిలో (బుచ్చిరెడ్డిపాలెం) ఆఫీసు గేటు దాకా 20 కిలోమీటర్లు. పెన్న దాటాలి, కోవూరు మీదుగా పోవాలి. రానూ పోనూ 40. నెలకి 25 రోజులు, అంటే వెయ్యి. వెయ్యికి 22 లీటర్ల చిల్లర. నేను లెక్క రాసినప్పుడు మన ఆంధ్రాలో లీటరు 110కి అటూఇటూ ఆడతా ఉండేది, నెలకి 2,440 అనుకో. (తడ దాటి తమిళనాడులో పోయించుకుంటే తక్కువే. మా ఆఫీసులో ఒకాయన అటు పోయినప్పుడల్లా టాంకు నింపుకొచ్చి వారం రోజులు ఆ కథే చెప్తాడు. అంత దూరం పోయి రావటానికి తాగిన పెట్రోలు సంగతి మాత్రం ఎత్తడు.)

జనం ఈ 2,440 దగ్గరే ఆపేస్తారు. నేను కూడా ఆపేసినోణ్ణే. పుస్తకంలో మిగతా పేజీలు చూడు. మూడు వేల కిలోమీటర్లకోసారి ఆయిలు మార్పు, సర్వీసు, తొమ్మిది వందల దాకా. అంటే నెలకి 300. వెనక టైరు, బ్రేకు లైనింగు, బ్యాటరీ, పంచర్లు, ఇరవై నాలుగు వేల కిలోమీటర్లు తిరిగినాక స్కూటర్లో చైను బదులుండే బెల్టూ, దాని రోలర్లూ, ఇవన్నీ ఏడాది మొత్తం మీద సర్దితే నెలకి ఇంకో 250. ఇన్సూరెన్సు నెలకి 130 పడద్ది. ఒట్టి థర్డ్ పార్టీ (మన బండి తగిలి అవతలోళ్ళకి నష్టమయితే ఇచ్చేది) అయితే ఇంకా తక్కువే. నేను బండి పోయినా డబ్బులొచ్చే రకం కట్టా, ఎందుకంటే మా సందులో ఇప్పటికి రెండు బండ్లు మాయమైనాయి.

అసలైన ఖర్చు ఏ పేజీలోనూ ఉండదు రా. లక్ష పెట్టి కొన్న బండి ఏడేళ్ళకి అమ్మితే 30 వేలొస్తే గొప్ప. మిగతా 70 వేలు యాడికి పోయినాయి? నెలనెలా 830 చొప్పున రోడ్డు మీద రాలిపోయినాయి. నువ్వు పెట్రోలు బంకులో కట్టలా, మెకానిక్కి కట్టలా, కానీ కట్టావు. అన్నీ కలిపితే నెలకి 3,950. కిలోమీటరుకి 4 రూపాయలు. నేను నలుగురికీ చెప్పుకుని తిరిగింది రెండున్నర!

నేను చీటీ పాడుకుని కొన్నా కాబట్టి వడ్డీ బాధ తప్పింది. నువ్వు ఫైనాన్సులో తీసుకుంటే అది కూడా వేసుకో. 20 వేలు చేతి నించి కట్టి 80 వేలు మూడేళ్ళకి అప్పు తీసుకున్నావనుకో, నూటికి రూపాయి వడ్డీ చొప్పున నెల వాయిదా 2,660 దాకా వస్తాది. అంతా కట్టేసరికి వడ్డీయే 15 వేలు పైమాట. ఒక్క మంచి సంగతి, 2025 సెప్టెంబరు 22 నించి చిన్న బండ్ల మీద జీఎస్టీ 28 నించి 18కి దిగింది. నేను అంతకు ముందే కొన్నా. నా అదృష్టం నీకు తెలిసిందే గదా.

సరే, బస్సు. ఇంటి దగ్గర నించి ఆత్మకూరు బస్టాండు దాకా షేర్ ఆటోకి 20, ఆడ నించి బుచ్చికి పల్లెవెలుగులో పాతిక. దిగినాక నడకే. రోజుకి 90, నెలకి 2,250. చూశావా? నా పెట్రోలు ఖర్చు కంటే కూడా తక్కువే. నెల పాసు తీసుకుంటే ఇంకా తగ్గుద్ది. అంటే బస్సు మీద స్కూటరు మిగిల్చేదేం లేదు, నెలకి 1,700 ఎదురు తింటంది. ఇది మా ఇంటామెకి చెప్పటం నా తప్పు.

ఎందుకంటావా? ఆమె పనిచేసేది కోవూరులో. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చిన దగ్గర నించి ఆడోళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ అన్నిట్లో టికెట్ లేదు. అంతకు ముందు నా వెనకాలే కూర్చుని, పెన్న బ్రిడ్జి మీద గాలికి కొంగు అదిమిపట్టుకుని, నా డ్రైవింగు మీద వ్యాఖ్యానం చేసుకుంటా వచ్చేది. ఇప్పుడు దర్జాగా బస్సు. "నువ్వు నాలుగు వేలు పెట్టి పోయే దారిలో నేను ఆధార్ కార్డు పెట్టి పోతా" అంటది. ఏం చెప్పమంటావు? సీటు దొరకదులే, నిలబడే పోవాలి అన్నా. "నీ వెనక కూర్చుంటే గుంటల్లో ఎగిరేది కూడా సీటేనా" అంది. ఆ మాటతో నోరు మూసుకున్నా.

మరి ఎందుకు మానుకోలేదు అని అడుగు. బస్సులో ఇంటి నించి ఆఫీసుకి గంటంబావు. బండి మీద 40 నిమిషాలు. రోజు మీద గంటా పది నిమిషాలు నాకు మిగుల్తంది. 1,700ని 25 రోజులకి పంచితే 68 రూపాయలు. అంటే రోజూ 68 పెట్టి గంటకి పైగా కొనుక్కుంటా ఉండా. ఆ గంటలో చిన్నోడికి ఎక్కాలు చెప్తా, లేదంటే ఊరికే వరండాలో కూర్చుంటా. నాకు అది చవకే. నీకు చవకో కాదో నువ్వు చూసుకో. పెళ్ళికి ముందు నువ్వయితే ఆ గంట టీ అంగట్లో పోగొట్టేవాడివి, 68కి తోడు ఇంకో ముప్పై.

కారు సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్తా. మా బామ్మర్దికి లీటరుకి 15 వస్తాది. అదే వెయ్యి కిలోమీటర్లకి పెట్రోలే 7,300. బండి విలువ తరుగుదల, ఇన్సూరెన్సు, సర్వీసు కలుపుకుంటే కిలోమీటరుకి 13 దాకా పోద్ది. ఒక్కడివే ఎక్కి పోతే అది ఒళ్ళు కొవ్వెక్కిన పని. కానీ ఒకటి చెప్పనా? అదే కార్లో నలుగురు కూర్చుని పంచుకుంటే తలకి మూడుంబావు. నా స్కూటరు కంటే తక్కువ! కాబట్టి మీ ఆఫీసు నించి ఒంగోల్లో ముగ్గురున్నారేమో వాకబు చెయ్యి. టంగుటూరు టోల్‌గేటు దాటాల్సొస్తే కారుకి ఏడాది పాసు ఉంది, 2025లో మొదలయినప్పుడు 3 వేలు, 200 సార్లు దాటొచ్చు, లేదా ఏడాది, ఏది ముందయితే అది. అది కూడా ఆ ఆగస్టు 15నే మొదలయింది. టూ వీలరుకి ఆ గొడవే లేదు, పక్క సందులోంచి దూరి పోవటమే.

పుస్తకంలో నన్ను నిజంగా కంగు తినిపించిన పేజీ ఇంకోటుంది. నెలకి ఆఫీసు తిరుగుడు వెయ్యి గదా. మీటరు చూస్తే 1,350! ఆ మూడొందల యాభై ఎవడు తిరిగాడు? నేనే. ముందయితే కొత్తిమీర లేకపోతే లేకుండానే చారు కాచుకునేవాళ్ళం. బండొచ్చినాక కొత్తిమీరకి ఒక ట్రిప్పు, మందులకి ఒకటి, మలై కాజా తినాలనిపిస్తే ట్రంకు రోడ్డు దాకా ఒకటి, ఆదివారం రొయ్యలకని మైపాడు. నెలకి వెయ్యి రూపాయలు ఇట్టా పోతంది. బండి డబ్బులు మిగుల్చుద్దేమో గానీ బండెక్కినోడు మిగల్చనియ్యడు. మా నాయన చేతక్ గుర్తుందా? పొద్దున్నే పక్కకి వంచి, నాలుగు కిక్కులు కొట్టి, తిట్టి, మళ్ళీ వంచితే గానీ కదిలేది కాదు. ఆ వంచటానికి బద్ధకించే ఆయన బజారుకి నడిచి పోయేవాడు. సెల్ఫ్ స్టార్టు వచ్చి మన కొంప ముంచింది.

ఇంకో ఖర్చు, నా బుర్ర తక్కువ ఖర్చు. పోయిన నవంబరు వానలప్పుడు రైలు కట్ట కింద అండర్ బ్రిడ్జిలో నీళ్ళు నిలబడున్నాయి. నా ముందు ఒక మోటార్ సైకిల్ పోయింది. వాడు పోగా లేనిది నేను పోలేనా అని దిగా. నడిమధ్యలో గురగురమని ఆగింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు హ్యాండిలుకి తగిలించి తోసుకుంటా వచ్చా. తెల్లారి మెకానిక్ ఎడమ పక్క డబ్బా విప్పితే గ్లాసుడు బురద నీళ్ళు! "అన్నా, వాడి చైను తడిస్తే ఆరుద్ది. నీ బెల్టు తడిస్తే జారుద్ది" అన్నాడు. అంతకు మించి తిట్టలేదు, బిల్లులోనే తిట్టాడు, 1,850. అయినా వాడే నయం. ఫ్రీ సర్వీసుకని మొదట తీసుకుపోయిన చోట నన్నడక్కుండా ఏదో కోటింగు పూశామని 450 రాశారు. ఏం పూశారో ఆ మెరుపు నాకయితే కనపళ్ళా. నువ్వు బండి ఇచ్చేటప్పుడే "అడక్కుండా ఏదీ చెయ్యొద్దు" అని కార్డు మీద రాయించు.

ఇప్పుడు నీ సంగతి. ఒంగోలు నించి టంగుటూరు అంటే దూరం దాదాపు నాదే, కానీ రోడ్డు వేరు. నాది సగం ఊరు, నీదంతా హైవే. స్కూటరు చక్రాలు చిన్నవి. లారీ పక్కనించి దూసుకుపోతే ఆ గాలికి బండి అడుగు పక్కకి జరుగుద్ది, నాకు ఒకసారి సింగరాయకొండ దగ్గర అనుభవమే. వంద సీసీ మోటార్ సైకిలు అయితే నిలకడగా పోద్ది, లీటరుకి 65 దాకా ఇస్తాది. నెలకి పెట్రోల్లోనే 750 తగ్గుద్ది. ఒట్టి ఆఫీసుకే అయితే నేను అదే తీసుకోమంటా. కాకపోతే కాళ్ళ దగ్గర బియ్యం మూట పెట్టుకోలేవు, గ్యాస్ బండ తేలేవు, ముఖ్యంగా మా చెల్లెమ్మ నడపలేదు. ఆమెకి విడిగా ఇంకో బండి కొనాల్సొచ్చిందనుకో, నీ 750 గాలికి పోయినట్టే. స్కూటరు మిగిలించేది అక్కడే రా, ఇంట్లో ఇద్దరూ నడుపుతారు.

కరెంటు బండి గురించి మా అన్న కొడుకు ఊదరగొడతా ఉన్నాడు. వెయ్యి కిలోమీటర్లకి 35 యూనిట్లట. యూనిట్ 6 లెక్కన 210. స్లాబు మారి 8.75 పడినా మూడొందల పైచిలుకు. నా 2,440 పక్కన పెట్టి చూస్తే కడుపు మండుద్ది. రోజుకి 40 తిరిగేవాడికి అది సరిపోద్ది కూడా. కానీ నువ్వుండేది మూడో అంతస్తు, కింద ప్లగ్గు లేదు, ఇంటి ఓనరు కరెంటు బిల్లు అంటే లేచొస్తాడు. ముందు ఆయన్ని ఒప్పించు. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్ళో కాగితం మీద చూసుకో, వారంటీ అయినాక బ్యాటరీ పోతే ఆ దెబ్బ పెద్దదే.

టంగుటూరులో రైలు కూడా ఆగుద్ది గదా, అది మర్చిపోవద్దు. ప్యాసింజరు వేళ నీ డ్యూటీకి కుదిరితే సీజన్ టికెట్ ముందు ఈ బండ్లేవీ నిలవవు. కుదరకపోతే ప్లాట్‌ఫారం మీద బఠాణీలు తింటా కూర్చోవటమే.

హెల్మెట్ మాత్రం ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొను, రోడ్డు పక్కన గుట్టగా పోసి అమ్మేవి వద్దు. చెల్లెమ్మకి కూడా ఒకటి. ఆ డబ్బులు లెక్కలో రాయబాక.

పులుసు వాసన వస్తంది, ఇంటామె రెండోసారి కేకేసింది. నువ్వు వచ్చే ఆదివారం బస్సెక్కి ఇటు రా. బండి తాళాలు నీకిస్తా, మైపాడు దాకా నువ్వే నడుపు, నేను వెనక కూర్చుని మా ఆవిడ చెప్పినట్టు వ్యాఖ్యానం చెప్తా. రొయ్యలు నేను కొంటా. పెట్రోలు నువ్వు పోయించాలి, టాంకు నిండా. లేదంటే లెక్క తప్పుద్ది.

నీ
పెంచలయ్య