పది డాలర్ల కాగితం

అమ్మడూ,

శాఖలో ఏ విభాగాన్ని ఎందులో కలపాలో సూచించే కమిటీకి నిన్ను సహాయకురాలిగా వేశారన్న కబురు మీ అమ్మ అప్పుడే వీధంతా చెప్పి వచ్చింది. నాకు మాత్రం రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ముప్పై అయిదేళ్లు ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి కదా, పునర్వ్యవస్థీకరణ అన్న మాట వింటే నాకు ముందు బీరువాలు గుర్తుకొస్తాయి.

నువ్వు పుట్టకముందు మాట. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసు జనానికి దగ్గర కావాలన్న ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ బోర్డు ఒక్క రోజులో మారింది, రికార్డులు కదలలేదు. అడంగల్ నకలు కోసం ఒక పెద్దాయన పాత ఆఫీసుకు వస్తే కొత్తదానికి వెళ్లమన్నాం. అక్కడేమో కట్టలింకా రాలేదన్నారు. మూడోసారి వచ్చినప్పుడు చెప్పులు చేతపట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇలాంటి కమిటీల కథల్లో నాకు ఇష్టమైనది అమెరికాలోని హూవర్ కమిషన్ కథ. 1947లో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసి మరీ దాన్ని వేసింది. సభ్యులు పన్నెండుమంది, రెండు పార్టీలకూ చెరి సగం. కమిషన్‌కు పెద్ద, దేశ మాజీ అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్. ఆర్థిక మాంద్యం నింద నెత్తిన వేసుకుని 1932లో ఓడిపోయి, రూజ్వెల్ట్ హయాం పొడుగునా వైట్‌హౌస్ గడప తొక్కే పిలుపు లేనివాడు. అప్పటి దేశాధ్యక్షుడు, అవతలి పార్టీ మనిషైన ట్రూమన్ ఆయనతో కలిసి పనిచేశాడు. 1948 ఎన్నికల్లో ట్రూమన్ ఓడిపోతాడనీ, నివేదిక తమ కొత్త అధ్యక్షుడికి పనికొస్తుందనీ హూవర్ పార్టీవాళ్లు లెక్కలు వేసుకున్నారు. ట్రూమన్ గెలిచాడు. అయినా ఇద్దరు ముసలివాళ్లూ పని ఆపలేదు. నాకు నచ్చింది అదే.

వాళ్లు పట్టుకున్న ఒక చిన్న సంగతి చూడు. ప్రభుత్వం ఏటా దాదాపు ముప్పై లక్షల కొనుగోలు ఆర్డర్లు ఇస్తోంది. వాటిలో సుమారు సగం పది డాలర్ల లోపువే. ఒక్కో ఆర్డరుకు కాగితాల ఖర్చేమో పది డాలర్లు దాటుతోంది! ఆ దొంతరను ఎవరో ఓపిగ్గా లెక్కపెట్టారు కాబట్టే అది బయటపడింది. 1949లో కొనుగోళ్లు, భవనాలు, రికార్డులు చూసుకోవడానికి ఒకే సంస్థ వచ్చింది. అదే ఏడాది మరో చట్టం కూడా చేశారు: దేశాధ్యక్షుడు పునర్వ్యవస్థీకరణ ప్రణాళికను కాంగ్రెస్‌కు పంపాక అరవై రోజుల్లో ఏ సభా కాదనకపోతే అది అమల్లోకి వచ్చినట్టే. మన దగ్గర మౌనమంటే ఫైలు ఆగిపోయిందని అర్థం. అక్కడ మౌనంతోనే ఫైలు నడిచింది.

1953లో హూవర్‌తోనే రెండో కమిషన్ వేశారు. ఈసారి పని ఎలా చేయాలన్నది దాటి, అసలు ప్రభుత్వం ఏ పనులు చేయాలన్న తగువులోకి దిగారు. మొదటిదానికి వచ్చినంత పేరు దానికి రాలేదు.

మన పరిపాలనా సంస్కరణల సంఘం 1966 జనవరిలో ఏర్పడింది. దాని అధ్యక్షుడు మొరార్జీ దేశాయ్ ఉప ప్రధాని కాగానే ఆ కుర్చీ మైసూరు మాజీ ముఖ్యమంత్రి కె. హనుమంతయ్యకు వచ్చింది. మొత్తం ఇరవై నివేదికలు ఇచ్చారు. కేంద్రంలో సిబ్బంది వ్యవహారాలకు వేరే విభాగం వచ్చింది ఆ సిఫారసుల వల్లే, కాబట్టి వృథా అనను. కానీ మొట్టమొదటి నివేదికలోనే, పైవాళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోక్‌పాల్ కావాలన్నారు. అప్పుడు నేను మూడో తరగతి. చట్టం 2013లో వచ్చింది. మొదటి లోక్‌పాల్ 2019లో ప్రమాణం చేసేనాటికి నేను పింఛను తీసుకుంటున్నాను.

అందుకే, శాఖ విభాగాల పటం మీద గళ్లు కలపడానికి కూర్చునే ముందు ఏదో ఒక కాగితం వెంట నడువు. విరిగిన కుర్చీ ఇండెంటయినా సరే. ఎన్ని బల్లలు ఎక్కి దిగింది, ఎవరు ఏ కొర్రీ వేశారు, ఎన్ని సంతకాలు పడ్డాయి, అన్నీ రాసుకో. దారి తెలియకపోతే పాత అటెండరును అడుగు, డైరెక్టరును కాదు. రెండు ఆఫీసులు కలిసిన మొదటి రోజు ఉదయం బయటి మనిషి ఏ తలుపు తట్టాలో నివేదికలో ఒక్క పేజీ అయినా ఉండేలా చూడు. నన్ను అడిగితే, ఆ పేజీ నువ్వే రాయాలి.

అమ్మ కందిపొడి కొట్టింది, వచ్చేవారం పార్సిల్ చేస్తాం. ఈలోగా నీ కమిటీ జీవో నకలు ఒకటి పంపు. నివేదిక ఇవ్వడానికి మీకు గడువు పెట్టే ఉంటారు. దానికి సర్కారు జవాబు చెప్పడానికి గడువు ఏమైనా రాశారేమో చూడాలి.

ఆశీస్సులతో,
నాన్న