కారు మీటరు మార్చే ముందు వైరింగు పరీక్షించాలి

సంపాదకుల వారికి,

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ పరిసరాల్లో నీట మునిగిన కార్లకు ఇంజిను బాగుచేయించినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. కనెక్టర్ల లోపల చిక్కుకున్న తడి పిన్నులకు చిలుము పట్టిస్తుంది. దాని ఫలితం ఒక్కోసారి నెలలు గడిచాక గాని బయటపడదు. మా బంధువుల కారులో స్పీడోమీటరు ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడిపోయేది, ఆ వెంటనే క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటరు తొక్కకుండానే కారును ఒకే వేగంతో నడిపే ఏర్పాటు) ఆగిపోయేది. ఒక షెడ్డువారు ఏ పరీక్షా చేయకుండానే మీటరు మొత్తం మార్చాలన్నారు. చివరకు ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ గేర్‌బాక్సు మీది స్పీడ్ సెన్సరు కనెక్టరు విప్పి, చిలుము తుడిచి బిగించగానే రెండూ పనిచేశాయి.

ఆ రెండూ ఒకేసారి ఆగిపోవడమే అసలు ఆధారం, ఎందుకంటే రెండింటికీ వేగం లెక్క ఒకే చోటు నుంచి అందుతుంది. కొన్ని కార్లలో అది గేర్‌బాక్సు సెన్సరు, మరికొన్నింటిలో చక్రాల దగ్గరి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్లు. ఏబీఎస్ దీపం కూడా వెలుగుతుంటే మొదట చక్రాల సెన్సర్ల వైపే చూడాలి. లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి, వేగం సంకేతంలో లోపాన్ని తెలిపే పీ0500 కోడ్ వచ్చిందని ఆగిపోకుండా, బండి నడుస్తుండగా ఈసీయూకు (కారులోని కంప్యూటరుకు) వేగం అందుతోందో లేదో పక్కనున్నవారు స్కానర్‌లో గమనించాలి. అక్కడ సరైన వేగం కనిపిస్తూ ముల్లు కదలకపోతే లోపం మీటరులోనో, మీటరుకు వెళ్లే వైర్లలోనో ఉంటుంది. అక్కడా సున్నాయే ఉంటే సెన్సరు, దాని ఫ్యూజు, ఎర్తు, కనెక్టరు చూడాలి. ఈ తేడా తేల్చకుండా మీటరు మార్చడం అన్యాయం. చాలా కార్లలో తిరిగిన కిలోమీటర్ల లెక్క మీటరులోనే ఉంటుంది కనుక, రేపు బండి అమ్మేటప్పుడు కూడా చిక్కు వస్తుంది.

మీటరు సరిగా చూపిస్తూ క్రూయిజ్ మాత్రమే పట్టకపోతే బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్‌ను అనుమానించాలి. బ్రేకు తొక్కితే క్రూయిజ్ వదిలేయాలి కాబట్టి, ఆ స్విచ్ సంకేతం సరిగా లేకపోతే ఈసీయూ క్రూయిజ్‌ను అనుమతించదు. అందువల్ల ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు వెనుక నిలబడి బ్రేకు లైట్లు చూడడం తప్పనిసరి. క్రూయిజ్ లేకపోయినా బండి నడుస్తుంది, కానీ రాత్రివేళ గుంటూరు హైవేపై బ్రేకు లైట్లు వెలగని కారు వెనుక వచ్చేవారి ప్రాణాల మీదికి తెస్తుంది. హారన్, ఎయిర్‌బ్యాగ్ దీపం కూడా తేడా చేస్తే లోపం స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్‌లో (స్టీరింగ్ మీది క్రూయిజ్ మీటలకు, హారన్‌కు, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్ట వైరులో) ఉండవచ్చు. ఎయిర్‌బ్యాగ్ ఉండే చోటు కనుక దాన్ని ఇంట్లో విప్పకూడదు.

సర్వీసు కేంద్రాలు బిల్లుతోపాటు స్కానర్‌లో వచ్చిన కోడ్‌లను, చేసిన పరీక్షలను రాసి ఇవ్వాలని, ఆటోనగర్ మెకానిక్‌లకు వైరింగు పరీక్షలపై మన ఐటీఐలలో సాయంత్రపు శిక్షణ ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ