పిత్తాశయ రాయికి కొండపిండాకు కషాయమా?

సంపాదకులకు,

మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీల పుణ్యమా అని హైదరాబాద్‌లో కడుపు స్కానింగ్ రిపోర్టు లేని ఇల్లు అరుదైపోతోంది. అందులో ‘పిత్తాశయంలో రాళ్లు’ అని కనపడగానే కొందరు మర్నాడే ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నారు, ఇంకొందరు కొండపిండాకు కషాయం కాచుకుంటున్నారు. కొండపిండాకును మనవాళ్లు వాడేది కిడ్నీ రాళ్లకు. కిడ్నీ రాయి మూత్రంలో పడిపోవచ్చు. పిత్తాశయం సంగతి వేరు. కాలేయం కింద ఉండే ఆ సంచిలోంచి రాయి జారితే పడేది కొన్ని మిల్లీమీటర్ల వెడల్పే ఉండే పైత్యనాళంలోకే (పైత్యరసాన్ని పేగుకు చేర్చే గొట్టం). అక్కడ ఇరుక్కుంటే కామెర్లు, ఒక్కోసారి క్లోమం వాపు. ‘రాళ్లు జార్చేస్తాం’ అనే ప్రకటనలు భయపెట్టేది ఇందుకే. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగాక మలంలో పడే పచ్చటి ఉండలు రాళ్లు కావు, ఆ నూనే సబ్బులా గడ్డకట్టినవి.

బాధలేని రాళ్లు ఉన్నవారిలో ఏడాదికి నొప్పి మొదలయ్యేది నూటికి ఒకరి నుంచి నలుగురికే. వీరిలో చాలామందికి కత్తి అక్కర్లేదు. 3 సెంటీమీటర్లు దాటిన రాయి, సున్నం పట్టిన సంచి గోడ ఉంటే సర్జన్‌తో మాట్లాడాలి. నొప్పి మొదలయ్యాక మాత్రం నాన్చకూడదు. రాత్రి బిర్యానీ తిన్నాక పొట్ట పైభాగంలోనో కుడి డొక్కలోనో గంటల తరబడి పట్టేసి, కుడి భుజంలోకి పాకే నొప్పిని గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకోవద్దు. (గుండెపోటూ ఇలా రావచ్చు, ముందు ఈసీజీ తీయించాలి.) స్కానింగ్‌కు 6 నుంచి 8 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. తింటే సంచి ముడుచుకుపోయి రాళ్లు సరిగా కనపడవు.

రాళ్లు ఏరేసి సంచిని ఉంచితే మళ్లీ పుడతాయి, అందుకే సంచినే తీసేస్తారు. ల్యాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) సాధారణంగా 4 రంధ్రాలు, 5 నుంచి 10 మిల్లీమీటర్లవి. పెద్ద ప్రమాదం, సంచి గొట్టం అనుకుని ప్రధాన పైత్యనాళాన్ని కత్తిరించడం. సంచిలోకి వెళ్లేవి రెండే, ఒక గొట్టం, ఒక రక్తనాళం అని తేటగా కనపడేదాకా కత్తెర పెట్టకూడదు. వాపు వల్ల అది తేలకపోతే పొట్ట తెరుస్తారు, లేదా సంచిలో కొంత వదిలేస్తారు. దాన్ని బంధువులు ‘ఆపరేషన్ చెడింది’ అంటారు గానీ, నిజానికి అది రోగిని కాపాడే నిర్ణయం.

ఆరోగ్య శాఖకు ఒక విన్నపం. తీసిన సంచి బయాప్సీ రిపోర్టు రోగి చేతికి ఇప్పించండి. డిశ్చార్జ్ కాగితం మీద తెలుగులో ఈ మాట రాయించండి: జ్వరం, కళ్లు పచ్చబడటం, తగ్గకుండా పెరిగే కడుపునొప్పి ఉంటే ఆ రోజే తిరిగి రండి.

— ఒక జనరల్ సర్జన్, నల్లకుంట, హైదరాబాద్