వెంటిలేటర్ తీశాక ఊపిరి నేర్పేదెవరు?

సంపాదకులకు,

ఐసీయూ పడకలు పెంచుతాం, వెంటిలేటర్లు కొంటాం అన్న ప్రకటన చదివినప్పుడల్లా నాకు ఒకటే అడగాలనిపిస్తుంది: రాత్రి షిఫ్టులో నర్సులు ఎందరు? ఐసీయూలో పనిచేసి రిటైరైనదాన్ని కనుక అడుగుతున్నాను.

ఈ మధ్య మా బావగారు న్యుమోనియాతో నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నారు. గొట్టం తీసిన మర్నాడు వెళ్లి చూస్తే వెల్లకిలా పడుకోబెట్టి ఉంచారు. గొంతులో కఫం గరగరలాడుతోంది, దగ్గే బలం లేదు. ఊపిరితిత్తులకు వ్యాయామం చేయించే మూడు బంతుల స్పైరోమీటర్ కవరు విప్పకుండా బల్ల మీద ఉంది. బిల్లులోకి మాత్రం అప్పటికే ఎక్కింది! డ్యూటీలో ఉన్న అమ్మాయిని తప్పుపట్టను. ఆమె ఒక్కతే నలుగురు రోగులను చూస్తోంది. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం ఐసీయూలో ప్రతి షిఫ్టులోనూ పడకకు ఒక నర్సు ఉండాలి.

యంత్రమే ఊపిరి పోస్తుంటే పని లేని డయాఫ్రమ్ (ఊపిరి తీయడానికి ముఖ్యమైన, ఛాతీకి కడుపుకీ మధ్య ఉండే కండరం) కొద్ది రోజుల్లోనే పలచబడుతుంది. అందుకే వీలైన రోగికి రోజూ మత్తు తగ్గించి, సొంతంగా ఊపిరి తీయగలరేమో చూస్తారు. ఆదేశం డాక్టరుది. పక్కన నిలబడి ఛాతీ కదలిక, చెమట, ఆక్సిజన్ అంకె కనిపెట్టేది నర్సు. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం, నోరు శుభ్రం చేయడం, పక్కకు తిప్పడం, అవసరమైనప్పుడే కఫం లాగడం, ఇవన్నీ ఆమె పనులే.

2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, వెంటిలేటర్ మీద ఉండగానే వ్యాయామం మొదలుపెట్టినవారిలో 59 శాతం మంది ఆసుపత్రి వదిలేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగారు. మామూలు చికిత్స పొందినవారిలో 35 శాతమే. అలాగని అందరినీ లేపి నడిపించమనడం లేదు. 2022 నాటి మరో పెద్ద అధ్యయనంలో వ్యాయామం మోతాదు పెంచినా అదనపు లాభం కనిపించలేదు, ఇబ్బందులు పెరిగాయి. ఎవరిని ఎప్పుడు కూర్చోబెట్టాలో తేల్చడానికే మంచం పక్కన తెలిసిన మనిషి కావాలి. స్పైరోమీటర్‌ను ఊదకూడదు, పీల్చాలి. ఆ చిన్న మాట చెప్పేవారు లేకే, కవరు విప్పాక కూడా మా బావగారు ఊదుతూ కూర్చున్నారు.

2021 ఏప్రిల్‌లో, కోవిడ్ సమయంలో, ఆక్సిజన్ ట్యాంకర్లు మోసుకెళ్లే తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మన విశాఖ ఉక్కు కర్మాగారం నుంచే మహారాష్ట్రకు వెళ్లింది. ఆక్సిజన్ ఎంత ఉన్నా పీల్చే బలం రోగికి రావాలి కదా! పాడేరు, పార్వతీపురం, ఒడిశా సరిహద్దు నుంచి ఇక్కడికి వచ్చేవారికి ఊరెళ్లాక ఫిజియోథెరపిస్టు దొరకడం కష్టం. పెదవులు ముడిచి నెమ్మదిగా ఊపిరి వదలడం, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు ‘హా’ అంటూ కఫం కదిలించడం డిశ్చార్జికి ముందే ఇంటివారికి నేర్పి పంపాలి.

వైద్యాధికారులు తనిఖీలో యంత్రాలు లెక్కపెట్టడంతో సరిపెట్టకుండా నర్సుల డ్యూటీ చార్టు కూడా అడగాలి. ముందుగా చెప్పకుండా, రాత్రి 11 గంటలకు వెళ్తే మంచిది.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, మర్రిపాలెం, విశాఖపట్నం