కోపమంతా వెంకీ మామ మీదే, సిరీస్ గురించి మాటే లేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో వచ్చే ఓటీటీ కాలమ్ మా ఇంట్లో అందరం చదువుతాం, వీకెండ్‌కి ఏం చూడాలో చాలాసార్లు దాన్ని బట్టే డిసైడ్ అవుతాం, అందుకే ఈ ఉత్తరం. 'రానా నాయుడు' వెబ్ సిరీస్ పేరు ఎక్కడ ఎత్తినా తెలుగోళ్ల నోట వచ్చేది ఒకటే మాట, వెంకటేష్ లాంటి ఆయన అలాంటి బూతులు మాట్లాడటం ఏంటి అని. 2023 మార్చిలో ఫస్ట్ సీజన్ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినప్పుడు మొదలైంది ఈ గోల, 2025 జూన్‌లో రెండో సీజన్ వచ్చాక కూడా "పర్లేదు, ఈసారి బూతులు తగ్గించారు" అన్న మాటలే ఎక్కువ వినబడ్డాయి. కథ బాగుందా, సాగదీశారా అన్నది తర్వాత సంగతి, వెంకీ మామ బుద్ధిగా ఉన్నాడా లేదా అని చూసి మార్కులేశారు జనం, రివ్యూలు రాసేవాళ్లు కూడా అదే చేశారు.

అసలు ఆ సిరీస్‌లో మాట్లాడుకోవడానికి చాలానే ఉంది. అమెరికాలో వచ్చిన 'రే డోనవన్' అనే షోకి రీమేక్ అది, పెద్దోళ్ల స్కాండల్స్ బయటికి రాకుండా సెటిల్ చేసే కొడుకు (రానా), జైలు నుంచి వచ్చి మళ్లీ పిల్లల జీవితాల్లోకి దూరే తండ్రి (వెంకటేష్), చిన్నప్పుడు లైంగిక వేధింపులకి గురై ఇంకా అందులోంచి బయటపడని ఒక తమ్ముడు. మగపిల్లాడికి అలాంటిది జరిగితే ఇంట్లో ఎవరూ మాట్లాడరు కదా, ఆ విషయం మీద కనీసం రెండు పేరాలు రాయొచ్చు, నేను చదివిన రివ్యూల్లో రెండు లైన్లు కూడా కనబడలేదు. అందరూ వెంకటేష్ దగ్గరే ఆగిపోయారు.

ఇంకో విచిత్రం చూడండి, అవే బూతులు రానా కూడా మాట్లాడాడు, ఆయన్ని పెద్దగా ఎవరూ ఏమీ అనలేదు. భల్లాలదేవుడిగా చూసిన కళ్లకి రానా ఎలా మాట్లాడినా సరిపోతుంది మరి. వెంకటేష్ గారికి ఆ వెసులుబాటు లేదు, 1986 నుంచి ఆడవాళ్లు పిల్లాపాపలతో థియేటర్‌కి వెళ్లే హీరో, పెళ్లాం చేతిలో తిట్లు తింటూ నవ్వించే మొగుడు, మన ఇంట్లో మేనమామ లాంటి మనిషి. హిందీ వాళ్లకి ఆయనతో ఇంత బంధం లేదు, వాళ్లకి అదొక క్రైమ్ సిరీస్ అంతే, అలాంటివి అప్పటికే బోలెడు చూసేశారు కాబట్టి వాళ్లకి మనంత షాక్ లేదు. సిరీస్ ఒకటే, ఆ మనిషి మనకేమవుతాడు అన్నదాన్ని బట్టి రియాక్షన్ మారిపోయింది.

ఇది ఒక్క వెంకటేష్ విషయమే కాదులెండి. బిగ్ బాస్ 2018లో నాని హోస్ట్ చేశాడు, పక్కింటి కుర్రాడని అందరూ ముద్దు చేసే మనిషి, శనివారం వచ్చి కంటెస్టెంట్‌ని గట్టిగా నాలుగు మాటలు అనేసరికి నువ్వెవరు చెప్పడానికి అన్నట్టు సోషల్ మీడియాలో దాడి చేశారు ఆ కంటెస్టెంట్ కౌశల్ ఫ్యాన్స్. తర్వాత ఏడాది నాగార్జున వచ్చి అంతకంటే గట్టిగా క్లాస్ పీకినా పెద్దాయన కదా అని ఊరుకున్నారు చాలామంది. బాలకృష్ణ గారిది రివర్స్ కేసు, కోపిష్టి అన్న పేరున్న మనిషి 2021 నవంబర్‌లో ఆహా ఓటీటీలో 'అన్‌స్టాపబుల్' టాక్ షో మొదలుపెట్టి గెస్టులతో జోకులేసి తన మీద తనే సెటైర్లేసుకునేసరికి, అరె ఈయనలో ఇంత సరదా ఉందా అని ఫ్యాన్స్ కానివాళ్లు కూడా చూశారు. వేరే ఎవరన్నా అవే ప్రశ్నలు అడిగితే అంత కిక్ ఉండేది కాదని నా అభిప్రాయం, మనం అనుకున్నదానికి తేడాగా ఉండటమే ఆ షోకి బలం.

అయితే ఇదంతా ప్రేక్షకుల అమాయకత్వం అని కొట్టిపారేసే వాళ్లతో కూడా నేను ఒప్పుకోను. నటుడు వేరు పాత్ర వేరు తెలీదా మీకు అంటారు, బాగానే తెలుసండీ! కానీ వెంకటేష్ మొహం చూసే కదా తెలుగు ఇళ్లలో ఆ సిరీస్ పెట్టారు, బాబాయ్ అబ్బాయ్ మొదటిసారి ఫుల్ లెంగ్త్‌లో కలిసి చేస్తున్నారని కదా ప్రచారం చేశారు. ఆ ఇమేజ్‌ని వాడుకుని అమ్మినప్పుడు ఆ ఇమేజ్ చూసి వచ్చినవాళ్లు గొడవ చేస్తే తప్పు వాళ్లదే అనడం న్యాయం కాదు. ఫ్యామిలీతో చూడొద్దని సిరీస్ చేసినవాళ్లు చెప్పారు, నిజమే, కానీ ఆ మాట విన్నవాళ్లెందరు, పోస్టర్ చూసి రిమోట్ నొక్కినవాళ్లెందరు?

తిట్టుకుంటూనే చూశారు కూడా. 2023 మొదటి ఆరు నెలల లెక్కలు నెట్‌ఫ్లిక్స్ బయటపెడితే ఈ సిరీస్ 4 కోట్ల 60 లక్షల గంటలు చూశారని తేలింది, టాప్ 400లో ఉన్న ఇండియన్ టైటిల్ ఇదొక్కటే. 2025 జనవరిలో 'సంక్రాంతికి వస్తున్నాం' వస్తే అదే వెంకటేష్ కోసం కుటుంబాలు కుటుంబాలే థియేటర్‌కి కదిలాయి, ఆయన ఇమేజ్‌కి ఏ గీతా పడలేదు. అందులో ఓటీటీ చూసి బూతులు నేర్చుకున్న బుడ్డోడు బుల్లిరాజు తిడుతుంటే హాలంతా పడీపడీ నవ్వింది. బూతులంటే మనకి అంత అసహ్యమేం కాదన్నమాట, ఎవరి నోట్లోంచి వస్తున్నాయి అన్నదే లెక్క.

ఈ గొడవలో పక్కకి పోయిన అసలు విషయం పిల్లల సంగతి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం ప్రతి ఓటీటీ తన కంటెంట్‌కి యూ, యూ/ఏ 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్, ఏ (పెద్దలకు మాత్రమే) అని వయసు గుర్తు వెయ్యాలి, 13 ప్లస్ నుంచి పైకి పేరెంటల్ లాక్ ఉండాలి, ఏ గుర్తున్న వాటికి వయసు సరిచూసే పద్ధతి ఉండాలి. కంప్లైంట్ ఇస్తే 15 రోజుల్లో జవాబు చెప్పాలి. మా అపార్ట్‌మెంట్‌లో అడిగి చూశాను, లాక్ పెట్టుకున్న ఇల్లు ఒక్కటీ దొరకలేదు, కంప్లైంట్ ఇవ్వొచ్చన్న సంగతే చాలామందికి తెలీదు. హీరోని తిట్టడానికి మాత్రం అందరికీ టైముంది.

కాబట్టి నా రిక్వెస్ట్ ఏంటంటే, మీ ఓటీటీ కాలమ్‌లో సిరీస్ పేరు పక్కన ఏ ప్లాట్‌ఫామ్, ఏ తేదీ అని వేస్తున్నట్టే ఏజ్ రేటింగ్ కూడా వెయ్యండి, బూతులా, హింసా, శృంగారమా ఏది ఎక్కువుందో ఒక లైన్ రాయండి. హీరో ఫొటో కొంచెం చిన్నదైనా పర్లేదు. రివ్యూ రాసేవాళ్లకి కూడా ఒక మాట చెప్పండి, ఫలానా హీరోకి ఇది తగునా అన్న పేరా చివర్లో రాసుకోమనండి, ముందు సిరీస్ గురించి చెప్పమనండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తెనాలి