స్కిన్నర్ పిల్లల్ని ఏ కాలమ్‌లో రాస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం,

ఈసారి జనగణనలో కులం కూడా అడుగుతారని మీ పేపర్లో వరసగా వార్తలొస్తున్నాయి కదా, మా మెట్టుగూడలో టీ కొట్టు దగ్గర కూడా ఇదే గోల, ఏ కులం ఎక్కడ రాస్తారు, ఉపకులం చెప్పాలా వద్దా అని. నాకు మాత్రం వేరే డౌట్ ఉంది. అది ఢిల్లీలో ఒక సమాధి దగ్గర మొదలైంది.

మా అబ్బాయి అక్కడే ఉద్యోగం. మొన్న చలికాలంలో వెళ్తే కాశ్మీరీ గేట్ దగ్గర సెయింట్ జేమ్స్ చర్చి చూపించాడు. లోపల బలిపీఠం ముందు నేలమీదే కల్నల్ జేమ్స్ స్కిన్నర్ సమాధి, బయట ఆవరణలో ఆ కుటుంబం వాళ్ళ సమాధులు. "ఎవడో తెల్లదొర నాన్నా" అన్నాడు మావాడు. నేనూ అంతే అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, సగమే దొర.

తండ్రి హెర్క్యులిస్ స్కిన్నర్, స్కాట్లాండ్ వాడు, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఆఫీసర్. తల్లి యుద్ధంలో బందీగా దొరికిన రాజ్‌పుత్ అమ్మాయి. 1778లో కలకత్తాలో పుట్టాడు ఈయన. ఆడపిల్లల్ని స్కూల్‌కి పంపిస్తే పరదా పోయినట్టేనని ఆ తల్లి 1790లో ప్రాణం తీసుకుందట. కుర్రాణ్ణి ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి పెడితే మూడో రోజుకే పారిపోయాడు, జేబులో నాలుగణాలు, అవి అయిపోయాక బజార్లో మూటలు మోసుకున్నాడు. ఈలోపు 1791లో కంపెనీ వాళ్ళు ఒక రూల్ తెచ్చారు, తల్లిదండ్రుల్లో ఒకరు ఇండియన్ అయితే ఆఫీసర్ ఉద్యోగం లేదని. ఇంకో నాలుగేళ్ళకి ఇంకా దిగజార్చారు, అలాంటివాళ్ళకి సైన్యంలో డప్పు కొట్టడం, బ్యాండు వాయించడం, గుర్రాలకి నాడాలు కొట్టడం లాంటి పనులే అన్నారు. అంటే తండ్రి చేసిన ఉద్యోగానికి కొడుకు పనికిరాడు!

దాంతో మరాఠా రాజు సింధియా కొలువులో చేరాడు, మరాఠాల తరఫున యుద్ధాలు చేశాడు. 1800లో ఉనియారా దగ్గర తూటా తగిలి శవాల మధ్య పడిపోయాడు, బతికితే చర్చి కట్టిస్తానని మొక్కుకున్నది అక్కడే. ఆయన రాసుకున్న జ్ఞాపకాల్లో ఒక సంగతి ఉంది, నాకు చర్చి కంటే అదే గుర్తుండిపోయింది. గాయపడి పడున్న వాళ్ళందరికీ ఒక దళిత స్త్రీ జొన్నరొట్టె ముక్క, నీళ్ళు తెచ్చి ఇచ్చింది. స్కిన్నర్ తిన్నాడు, తాగాడు. పక్కనే చావుబతుకుల్లో ఉన్న రాజ్‌పుత్ సుబేదార్ మాత్రం ఆవిడ చేతి నీళ్ళు ముట్టనన్నాడు. తల్లి వైపు చూస్తే ఇద్దరిదీ ఒకటే కులం మరి.

1803లో కంపెనీకీ సింధియాకీ యుద్ధం వచ్చేసరికి ఇంగ్లీషు రక్తం ఉన్నవాళ్ళందరినీ సింధియా వైపు నుంచి తీసేశారు. కంపెనీకేమో ఈయన నల్లవాడు, సింధియాకి తెల్లవాడు. చివరికి కంపెనీ సేనాపతి జనరల్ లేక్ దగ్గర చేరాడు, సింధియా మీద మాత్రం కత్తి ఎత్తనని షరతు పెట్టి మరీ. అటు నుంచి వచ్చేసిన గుర్రపు సవార్లే మాకు సికందర్ సాహెబే (స్కిన్నర్‌ని వాళ్ళు అలా పిలిచేవాళ్ళు) నాయకుడు కావాలన్నారు. పసుప్పచ్చ కోట్ల దళం అలా పుట్టింది. అప్పట్లో కంపెనీకి సరిహద్దు లాంటి హాన్సీలో, ఇప్పుడది హర్యానా, అక్కడే మకాం, అలీగఢ్ వైపు జాగీరు. అయినా ఇంగ్లండ్ రాజు దగ్గర్నుంచి సరైన ర్యాంకు రావడానికి 1820ల చివరిదాకా ఆగాల్సొచ్చింది. 1841లో హాన్సీలోనే చనిపోయాడు, తర్వాత మృతదేహాన్ని ఢిల్లీ తెచ్చి తను కట్టించిన చర్చిలో పెట్టారు. ఆ దళం ఇప్పటికీ మన ఆర్మీలో ఆయన పేరుతోనే ఉంది, గుర్రాలు పోయి ట్యాంకులొచ్చాయి అంతే.

ఈయన్ని వీరుడని మొయ్యమని నేను అనట్లేదు. కంపెనీ రాజ్యం పెరగడానికి కత్తి పట్టినవాడు, జాగీర్దారు, భార్యలు ఎంతమంది అనే లెక్క ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు, హిందువులు ముస్లింలు ఇద్దరూ ఉన్నారు. నా పాయింట్ వేరు. ఇదే స్కిన్నర్ 1825లో పర్షియన్ భాషలో, బొమ్మలు వేయించి మరీ, మన దేశంలో కులాల మీద పెద్ద పుస్తకం రాశాడు, ఏ కులం ఏం పని చేస్తుంది ఎలా పుట్టింది అని. ఊళ్ళో అందరి కులాలూ రాసినాయన తన సొంత పిల్లల్ని అందులో ఎక్కడ పెట్టేవాడు?

ఇదంతా ఢిల్లీ కథ, మనకెందుకు అంటారేమో. మన హైదరాబాద్‌లో పామర్ కంపెనీ పెట్టి నిజాంకే అప్పులిచ్చిన విలియం పామర్ కూడా ఇలాంటివాడే, తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. ఇక రైల్వే వచ్చాక లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు, వాల్తేరు కాలనీల్లో డ్రైవర్లు గార్డులు ఎంతమంది ఆంగ్లో ఇండియన్లో, అంటే ఇలా యూరప్ రక్తం, మన రక్తం కలిసిన కుటుంబాల వాళ్ళో, పాతవాళ్ళకి తెలుసు. నేను పెరిగింది వాళ్ళ మధ్యే, క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చే కేకు వాసన ఇంకా ముక్కులో ఉంది. రాజ్యాంగంలో 366(2) అధికరణం దగ్గర వాళ్ళకి నిర్వచనం కూడా రాశారు, తండ్రి వైపు వంశంలో యూరప్ వాళ్ళుండాలని (తల్లి వైపు ఉంటే లెక్కలోకి రాదట, అదొక విచిత్రం). లోక్‌సభలో ఇద్దర్ని, మన రెండు అసెంబ్లీల్లో ఒక్కొక్కర్ని నామినేట్ చేసేవాళ్ళు. 2020 జనవరిలో 104వ సవరణతో అది ఆగిపోయింది. దానికి ముందు పార్లమెంటులో చెప్పిన లెక్క, 2011 జనగణన ప్రకారం దేశం మొత్తం మీద ఆంగ్లో ఇండియన్లు 296 మంది! అది విని మా వీధిలో నవ్వాలో ఏడవాలో తెలీలేదు, లాలాగూడలో ఒక పెళ్ళికి వెళ్తే అంతమంది కనపడతారు.

ఎలా వచ్చిందండీ ఆ నంబర్? 2011లో మా పక్కింటి ఆంటీ దగ్గరికి జనాభా లెక్కలు రాసే ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నా. మతం క్రిస్టియన్, మాతృభాష ఇంగ్లీష్, ఎస్సీనా ఎస్టీనా అంటే కాదు. "ఆంగ్లో ఇండియన్ అని రాయి బాబూ" అంది ఆవిడ. "అలాంటి కాలమ్ లేదమ్మా" అన్నాడు. పాపం అతని తప్పేం ఉంది, ఫారంలో లేదు. లెక్కపెట్టకుండా వదిలేసి, తక్కువమంది ఉన్నారు కాబట్టి సీటు అక్కర్లేదంటే ఎలా? సీటు ఉండాలా వద్దా అనేది వేరే చర్చ, నాకే దానిమీద గట్టి అభిప్రాయం లేదు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. 2027 జనగణనలో కులం రాసే చోట ఆంగ్లో ఇండియన్ అని చెప్పిన వాళ్ళకి ఒక కోడ్ ఇవ్వండి, ఎన్యూమరేటర్ల ట్రైనింగ్‌లో ఆ మాట ఒకసారి చెప్పండి. క్రిస్టియన్ అనగానే ఆపెయ్యకుండా ఇంకో ప్రశ్న అడగమనండి. మా ఆంటీకి ఇప్పుడు ఎనభై దాటాయి, ఈసారి కూడా రాయించుకోవాలని చూస్తోంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
మెట్టుగూడ, సికింద్రాబాద్