టీసీ చేతిలో పెట్టే ముందు: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. గత నెల తొమ్మిదో తరగతి కుర్రాడొకడు హెడ్మాస్టారి బండి సీటు బ్లేడుతో నిలువునా కోశాడు. అంతకుముందే ఒక ఫోను దొంగతనం, రెండు కొట్లాటలు. "వీడు రేపు రౌడీనే" అని స్టాఫ్‌రూమ్ తీర్పిచ్చేసింది. ఎనిమిదో తరగతి దాటితే విద్యాహక్కు చట్టం అడ్డురాదు కదా, టీసీ ఇచ్చి పంపేశారు. క్లాస్ టీచర్‌గా నేనూ సంతకం పెట్టాను.

ఎదుటివాళ్ల హక్కుల్ని, చట్టాన్ని లెక్కచేయకపోవడమే స్వభావంగా మారిన మానసిక రుగ్మతను యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. ఆ పేరు డాక్టర్లు 18 నిండనివాళ్లకు పెట్టరు. పెట్టాలన్నా, 15 ఏళ్లలోపే ఇలాంటి లక్షణాలు మొదలై ఉండాలి. మనం దీన్నే తిరగేసి, ఇలాంటి పిల్లలంతా అలాగే తయారవుతారని చదువుతున్నాం. అమెరికాలో సెయింట్ లూయిస్ క్లినిక్‌కి వచ్చిన పిల్లల్ని 30 ఏళ్ల తర్వాత వెతికి చూసిన పరిశోధకురాలు లీ రాబిన్స్ 1966లో చెప్పిందేమిటంటే, అలాంటి పెద్దలు దాదాపు అందరూ ఒకప్పుడు అలాంటి పిల్లలే. కానీ అలాంటి పిల్లల్లో ఎక్కువమంది అలాంటి పెద్దలు కాలేదు. పదేళ్లలోపే మొదలైతే ముప్పు ఎక్కువట. మావాడికి మొదలైంది నిరుడే, నాన్న గల్ఫ్ వెళ్లాక.

టీసీకి ముందు పిల్లాణ్ణి జిల్లా ఆస్పత్రి మానసిక వైద్యులకు చూపించాలని, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. వాడిప్పుడు బస్టాండు దగ్గర పంక్చర్ షాపులో ఉన్నాడు. నన్ను చూస్తే తల తిప్పేసుకుంటున్నాడు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు